గెలిచినవాళ్ల చేతివాటం

పోయిన నెల కాలమ్‌లో శ్రీరంగపట్నం ముట్టడి గురించి ఒకరడిగితే జవాబు రాస్తూ, చివర్లో "టిప్పు పడిపోయిన రాత్రి ఊరంతా లూటీ అయింది" అని ఒక్క ముక్క అనేసి వదిలేశాం. ముట్టడి గురించి మళ్లీ ఎవరూ అడగలేదు కానీ ఆ ఒక్క ముక్క మీద మాత్రం ఉత్తరాలు వచ్చిపడ్డాయి. దోచిందెవరు, ఎంత, అదంతా ఎటు పోయింది, ఎవరికైనా శిక్ష పడిందా అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాం. కొన్ని ఉత్తరాలు బాగా కుదించాం, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మైసూరు వెళ్లి, శ్రీరంగపట్నం కూడా చూసొచ్చాం. గైడు "ఇంగ్లీషువాళ్లు మొత్తం ఊడ్చుకుపోయారు మేడమ్" అని ఒక్క మాటలో తేల్చేశాడు. అసలు ఎవరికెంత ముట్టింది? ఈ గొడవతో మన తెలుగువాళ్లకేమైనా సంబంధం ఉందా? (ఒక టీచరు, గుత్తి)

జవాబు: ఊడ్చుకుపోయిన మాట నిజమే టీచరుగారూ, కాకపోతే రెండుసార్లు ఊడ్చారు. మొదటిది 1799 మే 4 రాత్రి సైనికులు చేసింది. రెండోది ఆ తర్వాత తీరిగ్గా, లెక్కలు రాసుకుని, వేలం పాటలు పెట్టి అధికారులు చేసింది. గైడ్లు మొదటిదాని గురించే చెబుతారు. అసలు డబ్బంతా పోయింది రెండోదాన్లో.

మే 4 మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కోట మీద దాడి మొదలైంది. ముందు నడిచిన డేవిడ్ బెయిర్డ్ అంతకుముందు ఇదే ఊళ్లో 44 నెలలు ఖైదీగా మగ్గినవాడు. సాయంత్రానికి కోట చిక్కింది, చీకటి పడ్డాక శవాల గుట్టలో టిప్పు శవం దొరికింది, ఇక ఆ రాత్రి అడిగే నాథుడు లేడు. మర్నాడు పట్నం బాధ్యత తీసుకున్న ఆర్థర్ వెల్లెస్లీ (తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ ఇతనే) నాలుగు రోజులు పోయాక తన అన్నకి రాసిన ఉత్తరంలో, ఊళ్లో దోచుకోని ఇల్లంటూ దాదాపు మిగల్లేదని, దండు బజారులో ఖరీదైన నగలు, బంగారు కడ్డీలు మన సోల్జర్లూ సిపాయిలూ వెంట వచ్చిన జనమూ అమ్మకానికి పెట్టారని విన్నానని రాశాడు. నలుగుర్ని ఉరి తీయించి, ఇంకొంతమందిని కొరడాలతో కొట్టించి దారికి తెచ్చాడు. ఆ బజారు గురించి ఒక కథ ఉంది. ఎవరో మామూలు సోల్జరు దగ్గర టిప్పు వజ్రాల కంకణాలు సైన్యంలో పనిచేసే ఒక డాక్టరు కారుచౌకగా కొట్టేశాడట, తర్వాత హైదరాబాదు నగల వ్యాపారికి చూపిస్తే, వాటిలో బాగున్నదానికి వెల కట్టడం నా వల్ల కాదన్నాడట. ప్రాణాలకు తెగించి గోడెక్కినవాడికి సారా డబ్బులు, బేరం తెలిసినవాడికి వజ్రాలు.

ఇక రెండోది. ఖజానాకి కాపలా పెట్టి, ప్రైజ్ కమిటీ (ప్రైజ్ అంటే ఇక్కడ కొల్లసొమ్ము) వేసి, ఉన్నదంతా వెల కట్టి హోదాని బట్టి వాటాలు వేశారు. సేనాపతి జనరల్ జార్జ్ హారిస్ వాటా 1,42,902 పౌండ్లు. తెల్ల సోల్జరుకి ఏడు పౌండ్ల చిల్లర, మన సిపాయికి ఐదు. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి భాగించి చూడండి, జనరల్‌గారి ఒక్క వాటాలో ఇరవై వేలమంది సోల్జర్ల వాటాలు పడతాయి. అందులో ఆయన న్యాయంగా రావాల్సినదాని కన్నా ఎక్కువ తీసుకున్నాడని సాక్షాత్తూ ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లే కోర్టుకెక్కారు. ఏళ్లపాటు నడిచి చివరికి హారిసే గెలిచాడు. బజారులో గొలుసు అమ్ముకున్నవాడికి ఉరి, ఈయనకేమో తర్వాత లార్డ్ బిరుదు.

టిప్పు సింహాసనం కథ ఇంకా ఘోరం. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లండు రాజుకి పంపాలని గవర్నర్ జనరల్ అనుకునేలోపే ప్రైజ్ ఏజెంట్లు బంగారు రేకు ఊడదీసి ముక్కలు చేసేశారు, లేకపోతే పంచడం ఎలా? ముందుండే పెద్ద పులితల, పైనుండే హుమా అనే పక్షి బొమ్మ ఇప్పుడు విండ్సర్ కోటలో ఉన్నాయి. చుట్టూ కటకటాలకి ఉండే చిన్న పులితలల్లో ఒకటి 2021లో బయటపడి దేశం దాటిపోబోతుంటే, 15 లక్షల పౌండ్ల విలువైనదంటూ బ్రిటన్ ప్రభుత్వం ఎగుమతి ఆపింది, తమ దేశపు సంపద పోతోందని! సైన్యం బెయిర్డ్‌కి బహుమతిగా ఇచ్చిన టిప్పు కత్తి 2023లో లండన్ వేలంలో కోటీ 40 లక్షల పౌండ్లు పలికింది.

మన సంబంధం అంటారా, నిండా ఉంది. ఆ రోజు ఇంగ్లీషువాళ్ల పక్కన నిజాం సైన్యం కూడా ఉంది, దాన్ని తీసుకెళ్లినవాడు మీర్ ఆలం. హైదరాబాదులో జూ పార్కు వెనక మీర్ ఆలం చెరువు ఈ యుద్ధంలో ఆయనకొచ్చిన సొమ్ముతోనే కట్టించాడని చెబుతారు. సింహం బోను దగ్గర పాప్‌కార్న్ తింటూ ఆ చెరువు చూసినవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో. ఇంకోటి, మీ ఊరు కూడా ఆ పంపకాల్లో ఒక వాటానే. టిప్పు రాజ్యం ముక్కలు చేసినప్పుడు గుత్తి, గుర్రంకొండ ప్రాంతాలు నిజాం కిందికి వచ్చాయి. మరుసటి ఏడాదే 1800లో, 1792 పంపకాల్లో దక్కిన కడప వగైరాలతో కలిపి వాటిని కంపెనీ పటాలాల ఖర్చు కింద కంపెనీకే రాసిచ్చేశాడు. దత్త మండలాలు అని మీరు పిల్లలకి చెప్పే పాఠం అదే.

ప్రశ్న: ఖజానాని వాటాలేసుకోవడం అప్పట్లో చట్టానికి లోబడే జరిగేదా? లేక గెలిచాం కదా అని చేసేవారా? (లా విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: చట్టానికి లోబడే. కొల్లసొమ్ము అంతా రాజుది, రాజు దయతలచి సైన్యానికి ఇస్తాడు, ప్రైజ్ ఏజెంట్లని నియమించి వేలం వేయిస్తారు, హోదాని బట్టి పంచుతారు. ఆ పద్ధతికి ఇచ్చిన సాకు కూడా వినసొంపుగా ఉంటుంది: వాటా వస్తుందన్న ఆశ ఉంటే సోల్జరు సొంతంగా చేతివాటం చూపించడట. చూపించాడు, ప్రతిచోటా చూపించాడు. 1857లో ఢిల్లీ పడినప్పుడు సోల్జర్లు అందినకాడికి దండుకోగా మిగిలిన ఇళ్ల గోడలూ నేలలూ ప్రైజ్ ఏజెంట్లు తవ్వించారు.

మీరు లా చదువుతున్నారు కాబట్టి బాందా–కిర్వీ కేసు తప్పకుండా చూడండి. 1858లో బుందేల్‌ఖండ్‌లోని కిర్వీలో జనరల్ విట్‌లాక్ దళానికి యుద్ధమే లేకుండా పెద్ద ఖజానా చిక్కింది. విట్‌లాక్ వెంట ఉన్నది మన మద్రాసు సైన్యం. మేం దగ్గర్లో పోరాడబట్టే కదా మీకది తేరగా దొరికింది, మాకూ వాటా ఇవ్వాలని ఇంకో ఇంగ్లీషు జనరల్ హ్యూ రోజ్ దళం, ఇంకా అరడజను దళాలు క్లెయిములు వేశాయి. లండన్‌లో అడ్మిరాల్టీ కోర్టు జడ్జి లషింగ్టన్ 1866లో తీర్పిచ్చాడు, ప్రధానంగా విట్‌లాక్ వైపు. ఎనిమిదేళ్లు! పేజీలకి పేజీలు ఉన్న ఆ వాదనల్లో ఆ సొమ్ము అసలు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు, దొంగిలించినవాళ్లలో ముందెవరు చెయ్యేశారన్నదే వివాదం.

క్లైవ్ సంగతి అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 1757లో ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ నుంచి 2,34,000 పౌండ్లు పుచ్చుకున్నాడు. 1773లో పార్లమెంటు నిలదీస్తే, ఆ నిధులన్నీ చూసి కూడా అంతటితో సరిపెట్టుకున్నందుకు నా నిగ్రహానికి నేనే ఆశ్చర్యపోతున్నానన్నాడు. ఆయన మద్రాసు నుంచి వెంట తీసుకెళ్లిన సిపాయిల్ని బెంగాలీలు తెలంగాలు అనేవాళ్లు, మనవాళ్లన్నమాట. వాళ్ల చేతికేం వచ్చిందో ఏ పార్లమెంటూ అడగలేదు.

ప్రశ్న: మా నాన్న 1990లో కువైట్‌లో డ్రైవరు. ఇరాక్ సైనికులు గదిలోకొచ్చి టూ-ఇన్-వన్, సూట్‌కేసు, చెల్లి పెళ్లికని కొన్న రెండు గాజులు తీసుకెళ్లారట. ఇప్పటికీ ఆ మాటొస్తే తిడతాడు. అలా దోచినవాళ్లకి తర్వాత ఏమైంది? (రాజంపేట నుంచి)

జవాబు: నాన్నగారిని తిట్టనివ్వండి, ఆయనకా హక్కుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది, ఒకటి రెండు రోజుల్లో దేశం మొత్తం చేతికొచ్చేసింది. అక్కడా రెండు రకాల దోపిడీ. ఒకటి పైనుంచి ఆర్డరు మీద జరిగింది. కువైట్ సెంట్రల్ బ్యాంకు బంగారం, నేషనల్ మ్యూజియంలోని ఇస్లామిక్ కళాఖండాలు, ఆసుపత్రి యంత్రాలు, యూనివర్సిటీ లైబ్రరీలు లారీలకెక్కి బాగ్దాద్ చేరాయి. మ్యూజియం సరుకైతే ఆ పని తెలిసినవాళ్లొచ్చి పొందిగ్గా ప్యాక్ చేసి తీసుకెళ్లారు, ఆ తర్వాత భవనం తగలబడింది. రెండో రకం మీ నాన్నగారి గదిలో జరిగింది. బలవంతంగా పట్టుకొచ్చి యూనిఫాం తొడిగిన కుర్రాళ్లు, ఎనిమిదేళ్ల ఇరాన్ యుద్ధం చూసి వచ్చినవాళ్లు, ఇంట్లో ఏ వస్తువూ లేనివాళ్లు, షాపుల నిండా టీవీలున్న ఊళ్లో పడ్డారు. పైవాళ్లు బంగారం మోస్తుంటే కిందివాళ్లని వద్దనేదెవరు?

1991 ఫిబ్రవరి చివర్లో పారిపోతున్నప్పుడు దొరికిన ప్రతి బండీ ఎక్కారు. కార్లు, స్కూలు బస్సులు, పాల వ్యాన్లు కూడా. ముట్లా గుట్ట దగ్గర అమెరికా విమానాలు ముందు బండ్లనీ వెనక బండ్లనీ కొట్టేసరికి మొత్తం ఇరుక్కుపోయింది. మర్నాడు అక్కడికి వెళ్లిన విలేకరులు తీసిన ఫొటోలు చూడండి, కాలిన బండ్ల మధ్య టీవీలు, తివాచీలు, సెంటు సీసాలు, పిల్లల బొమ్మలు. టూ-ఇన్-వన్‌లు కూడా ఉండే ఉంటాయి.

బ్యాంకు బంగారం మాత్రం భద్రంగా ఉంది! యుద్ధం ఓడిపోయాక ఐక్యరాజ్యసమితి మనుషుల సమక్షంలో ఇరాక్ 3,216 బంగారు కడ్డీలు లెక్కపెట్టి తిరిగిచ్చింది. మ్యూజియం వస్తువులు కూడా చాలావరకు వెనక్కొచ్చాయి, కొన్ని విరిగి, కొన్ని మాయమై.

మీ నాన్నగారిలాంటివాళ్లకి ఒక మేలు జరిగింది, చరిత్రలో ఇలాంటిది అరుదు. జెనీవాలో ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ పెట్టి, కువైట్ వదిలి రావాల్సి వచ్చిన మామూలు ఉద్యోగులకి ముందు చెల్లించాలని నిర్ణయించారు. మనిషికి 2,500 డాలర్ల నుంచి మొదలు, నష్టం ఎక్కువని చూపిస్తే ఇంకా. జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో వచ్చిన లక్షమందికి పైగా భారతీయుల్లో చాలామంది దరఖాస్తు పెట్టుకున్నారు, కడప జిల్లాలో, గోదావరి జిల్లాల్లో ఆ డాలర్లతో స్లాబు వేసుకున్న ఇళ్లు ఉన్నాయి. మీ నాన్నగారు పెట్టారో లేదో కనుక్కోండి, పెట్టకపోతే ఇప్పుడు లాభం లేదు, మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించి 2022లో ఆ కమిషన్‌ని మూసేశారు. ఆ డబ్బంతా ఇరాక్ చమురు అమ్మకాల్లోంచి కోత కోసింది. అంటే టీవీ మోసుకెళ్లిన కుర్రాడు ముట్లా దగ్గర కాలిపోయాడు, వాడి తర్వాత పుట్టినవాళ్లు ముప్పై ఏళ్లు బిల్లు కట్టారు.

ప్రశ్న: హాలీవుడ్ సినిమాల్లో అమెరికా సైనికులు జర్మనీ పిల్లలకి చాక్లెట్లు పంచుతుంటారు. వాళ్లు కూడా దోచుకున్నారా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: చాక్లెట్లు పంచారు, అదీ నిజమే. సిగరెట్లు మాత్రం ఊరికే పంచలేదు.

1945 వేసవిలో బెర్లిన్‌లో డబ్బుకి విలువ లేదు, సిగరెట్‌కి ఉంది. అమెరికా సోల్జరుకి క్యాంటీన్‌లో పది పెట్టెల కార్టన్ డాలరు లోపే వచ్చేది. బయట టీర్‌గార్టెన్ పార్కులోనో, అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గరో అదే కార్టన్ వెయ్యి మార్కులు దాటి పలికేది. ఇక్కడిదాకా మామూలు బ్లాక్ మార్కెట్టే. అసలు కిటుకు ఏమిటంటే, సైన్యం పెట్టిన రేటు డాలరుకి పది మార్కులు. ఆ వెయ్యి మార్కులు పట్టుకుని తన పటాలం ఫైనాన్స్ ఆఫీసుకెళ్లి ఇంటికి పంపమంటే, అమ్మ చేతికి వంద డాలర్లు అందేవి. ఆ మార్కులు జీతంలోంచి వచ్చాయా ఇంకెక్కడి నుంచైనా వచ్చాయా అని అడిగేవాడు లేడు. కొనేవాళ్లెవరంటే రష్యన్ సైనికులు. వాళ్లకి ఏళ్ల తరబడి బాకీ ఉన్న జీతం ఒక్కసారిగా ఇవే మార్కుల్లో ఇచ్చారు, పైగా ఆ నోట్లు అచ్చువేసే ప్లేట్లు అమెరికానే రష్యాకి ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్తే ఆ నోట్లు చెల్లవు, అందుకని చేతిగడియారం ఎంతంటే అంత. మిక్కీ మౌస్ బొమ్మ ఉన్న చవక వాచీలకి వందల డాలర్ల లెక్కన ఇచ్చారు. 1945 జులైలో బెర్లిన్‌లోని అమెరికా దళాలకి సుమారు పది లక్షల డాలర్లు జీతం పంచితే, వాళ్లు ఇంటికి పంపింది సుమారు ముప్పై లక్షలు! ఈ తేడా ఏ జర్మన్ జేబులోంచీ పోలేదు, అమెరికా ఖజానాకే చిల్లు. నవంబరులో ప్రతివాడికీ ఒక పాస్‌బుక్కులాంటిది పెట్టి జీతం ఎంతో అంతే పంపాలన్నారు, దాన్నీ దిద్దేవారు. 1946 సెప్టెంబరులో సైన్యానికి వేరే నోట్లు తెచ్చాక గానీ దారికి రాలేదు.

ఇదంతా చిల్లర వ్యవహారం అనిపిస్తే క్రోన్‌బెర్గ్ కోట కథ వినండి. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర హెస్సే రాజకుటుంబం కోటని అమెరికా సైన్యం ఆఫీసర్ల క్లబ్బుగా మార్చింది. నడిపే బాధ్యత కెప్టెన్ క్యాథ్లీన్ నాష్ అనే ఆవిడది. 1945 నవంబరులో నేలమాళిగలో ఒకచోట సిమెంటు కొత్తగా వేసినట్టు కనబడి తవ్వితే కింద పెట్టె, అందులో బ్రౌన్ పేపర్లో చుట్టిన పొట్లాలు, పొట్లాల్లో కిరీటాలు, వజ్రాలు, ముత్యాలు. పైకి రిపోర్టు చేయాలి. ఆవిడ, కల్నల్ జాక్ డ్యురాంట్, మేజర్ డేవిడ్ వాట్సన్ ముగ్గురూ కూర్చుని రాళ్లు గుచ్చి ఊడదీశారు, బంగారం విడిగా, రాళ్లు విడిగా. కొంత స్విట్జర్లాండ్‌లో అమ్మారు, కొంత అమెరికాకి సైన్యం పోస్టులో పంపారు. 1946లో హెస్సే ఇంటి సోఫియా రెండో పెళ్లికి (ఈవిడ ఇంగ్లండు రాణి ఎలిజబెత్ భర్త ఫిలిప్‌కి అక్క) నగలు కావాలని అడిగేసరికి బండారం బయటపడింది. జూన్‌లో షికాగో హోటల్లో నాష్, డ్యురాంట్ దొరికారు, అప్పటికి పెళ్లి కూడా చేసుకున్నారు. వర్జీనియాలో రోడ్డు పక్కన డ్యురాంట్ పాతిపెట్టిన గాజు సీసా తవ్వితే అందులోనూ రాళ్లే. అతనికి 15 ఏళ్లు, ఆవిడకి 5, వాట్సన్‌కి 3. జనరల్ కాదు గానీ కల్నల్‌కి శిక్ష పడింది, ఈ కాలమ్ మొత్తంలో అంత పై హోదావాడు జైలుకెళ్లిన సందర్భాల్లో ఇదొకటి. అది కూడా దోచింది రాజకుటుంబాన్ని కాబట్టేనని నా అనుమానం. మామూలు గృహిణి నగలైతే ఆ సీసా ఇంకా అక్కడే ఉండేదేమో.

ప్రశ్న: ఎర్ర సైన్యం కూడా దోచుకుందని రాస్తారు. హిట్లర్‌ని ఓడించినవాళ్ల మీద ఇది పాశ్చాత్య ప్రచారం కాదా? (రిటైర్డ్ ఉద్యోగి, విజయవాడ)

జవాబు: ప్రచారం కూడా జరిగిందండీ, కానీ మీరడిగింది వాళ్ల సొంత కాగితాల్లోనే ఉంది. 1944 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వమే ఒక ఉత్తర్వు ఇచ్చింది: ఫ్రంటు నుంచి నెలకి సైనికుడు 5 కిలోలు, ఆఫీసరు 10, జనరల్ 16 కిలోల పార్శిలు ఇంటికి పంపుకోవచ్చు. పార్శిల్లో ఉండేది జీతంతో కొన్నదని ఎవరూ అనుకోలేదు. ఆ మనుషుల ఊళ్లని జర్మన్లు తగలబెట్టి వెళ్లారు, రెండు కోట్ల 70 లక్షల మంది చచ్చిపోయిన దేశం, ఇంటి దగ్గర మేకులు కూడా దొరకని పరిస్థితి. పార్శిల్లో సబ్బు, కుట్టుసూదులు, అద్దాలు పంపినవాళ్లని నేను దొంగలనలేను. ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాలు వేరే సంగతి, అది వస్తువుల లెక్కలో కలిపి రాసేది కాదు, దానికి ఏ సాకూ లేదు.

బెర్లిన్‌లో రైష్‌టాగ్ (జర్మన్ పార్లమెంటు భవనం) మీద ఎర్రజెండా ఎగరేస్తున్న ఫొటో మీ ఆఫీసు గోడ మీద కూడా ఉండే ఉంటుంది. యెవ్‌గెనీ ఖాల్దేయ్ 1945 మే 2న తీసింది. అందులో జెండా పట్టుకున్నవాడి కాళ్లు ఆనుకుని పట్టుకున్న ఆఫీసరుకి రెండు చేతులకీ వాచీల్లాంటివి కనబడుతున్నాయని, అచ్చుకి ముందు కుడిచేతిది గీకి తీసేశారు. అది వాచీ కాదు దిక్సూచి అనేవాళ్లూ ఉన్నారు, ఏదైతేనేం, చూసినవాళ్లు ఏమనుకుంటారో ఎడిటర్‌కి బాగా తెలుసు.

ఇప్పుడు 16 కిలోలవాళ్ల సంగతి. 1948 జనవరిలో స్టాలిన్ మనుషులు, బెర్లిన్‌ని పట్టిన మార్షల్ జుకోవ్ విల్లాలో రహస్యంగా సోదా చేశారు. 4,000 మీటర్ల పైచిలుకు బట్ట, 323 బొచ్చుతోళ్లు, 44 తివాచీలు, 55 పెయింటింగులు. ఇల్లు కాదది, గోడౌను. నా జీతంతో కొన్నవీ బహుమతులొచ్చినవీ అని ఆయన సంజాయిషీ రాసుకున్నాడు. ఆయన్ని జైల్లో వేయలేదు, పేరు దెబ్బతీసి దూరంగా ఉరల్స్‌కి పంపేశారు, ఆయన దగ్గర పనిచేసిన తెలేగిన్, క్ర్యూకోవ్ లాంటి జనరళ్లు మాత్రం జైలుకెళ్లారు. స్టాలిన్‌కి బట్టల మీద కోపం కాదు, జుకోవ్ పేరుప్రతిష్ఠల మీద కోపం. లూటీ అందరి బీరువాల్లోనూ ఉన్నప్పుడు ఎవరి బీరువా తెరవాలన్నది పైవాడి ఇష్టం. సోదా రిపోర్టు పంపిన అబకుమోవ్‌ని 1951లో పట్టుకున్నప్పుడు అతనింట్లోనూ మీటర్ల కొద్దీ బట్ట దొరికింది.

ప్రశ్న: ఇప్పటి చట్టాలు ఏం చెబుతున్నాయి? (పేరు రాయలేదు)

జవాబు: చట్టాలకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. 1907 హేగ్ ఒప్పందం దోపిడీని పూర్తిగా నిషేధించింది, దాడి చేసి గెలుచుకున్న ఊరైనా సరే అని విడిగా రాసింది. 1949 జెనీవా ఒప్పందం అదే చెప్పింది, 1954లో కళాసంపద కోసం ఇంకోటి. మన 1950 ఆర్మీ చట్టంలో కూడా దోపిడీ కోసం ఇళ్లు పగలగొడితే శిక్ష ఉంది. పైన చెప్పిన జర్మనీ, కువైట్ కథలన్నీ 1907 తర్వాతవే అని గమనించగలరు.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఒక ఎస్టేట్ సేల్‌లో పాత వెండి పెట్టె కొన్నాను, చనిపోయిన పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశాడట. మూత మీద జర్మన్‌లో ఏదో ఉంది, చర్చి పేరులా ఉంది. ఇది దోచిన సొమ్ము అయితే నాకేమైనా ఇబ్బందా? మా ఆవిడ దేవుడి గదిలో పెట్టేసింది. (టెక్సస్ నుంచి)

జవాబు: మీరు కరెక్టు ఊళ్లోనే ఉన్నారు సార్. మీకు ఉత్తరాన గంటన్నర లోపు ప్రయాణంలో వైట్‌రైట్ అని చిన్న ఊరుంది. అక్కడ జో మీడర్ అనే ఆయన కుటుంబంతో కలిసి హార్డ్‌వేర్ షాపు నడిపేవాడు, ఇంట్లో ఆర్కిడ్ పూలు పెంచేవాడు. 1945 ఏప్రిల్లో ఈయన లెఫ్టినెంటుగా జర్మనీలో క్వెడ్లిన్‌బుర్గ్ అనే ఊళ్లో ఉన్నాడు. యుద్ధానికి భయపడి చర్చివాళ్లు గుహలో దాచిన వెయ్యేళ్ల నాటి నిధికి అమెరికన్లు కాపలా పెట్టారు, ఆ కాపలాలోంచే ఒక్కొక్కటీ మాయమైంది. మీడర్ వాటిని మామూలు పార్శిళ్లు కట్టి సైన్యం పోస్టులో ఇంటికి పంపాడు. అందులో తొమ్మిదో శతాబ్దంలో బంగారు సిరాతో రాసిన, రత్నాలు పొదిగిన అట్ట ఉన్న బైబిల్ సువార్తలు ఉన్నాయి. 1980లో ఆయన పోయాక తమ్ముడూ చెల్లెలూ అమ్మకానికి పెట్టబోతే 1990లో గుట్టు బయటపడి డాలస్ కోర్టుకెక్కింది. చివరికి జర్మనీ ఆ వారసులకి 27.5 లక్షల డాలర్లిచ్చి తన వస్తువులు తాను తీసుకెళ్లింది. 1996లో వాళ్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు, గడువు దాటిందని కొట్టేశారు. ఆదాయపు పన్నువాళ్లు కూడా వెంటపడి చివరికి రాజీ పడ్డారు.

మీరు బహిరంగంగా డబ్బిచ్చి కొన్నారు కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు, కానీ తెలిశాక దాచడం మంచిది కాదు. సేల్ రసీదు జాగ్రత్త చేయండి, మూత మీది అక్షరాలు, అడుగున ముద్రలు స్పష్టంగా ఫొటోలు తీయండి. జర్మనీలో మాగ్డెబుర్గ్‌లో పోయిన కళావస్తువుల కోసమే ఒక సంస్థ ఉంది, వాళ్ల లాస్ట్ ఆర్ట్ డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు, అక్కడ తగలకపోతే దగ్గర్లోని జర్మన్ కాన్సులేట్‌కి ఫొటోలతో మెయిల్ పెట్టండి. ఈలోగా మీ ఆవిడగారికి చెప్పండి, పండగ వచ్చిందని విబూదితోనో పళ్లపొడితోనో దాన్ని తోమొద్దని. ముద్రలు అరిగిపోతే ఎవరిదో తేల్చడం ఎవరి వల్లా కాదు.